లాన్‌లో పుట్టగొడుగులు, పలచబడ్డ గడ్డి: నెల్లూరు వైపు ఇళ్ళలో ఏ పని ముందు, ఏ పని తర్వాత

కార్తీకమాసం వచ్చిందంటే మా లాన్‌లో గడ్డి కంటే పుట్టగొడుగులే ముందు కంటపడేవి. నెల్లూరు ఊరి చివర ఇల్లు, ముందు రెండు సెంట్ల ఖాళీ, అందులో మెక్సికన్ గడ్డి. మొదటి ఏడాది ఇంటికొచ్చిన వాళ్ళంతా చెప్పులు విప్పి మరీ దాని మీద నడిచి వెళ్ళేవాళ్ళు. రెండో ఏడాది తుఫాను వానలు వెలిశాక చూస్తే ఒక మూల తెల్లటి గొడుగులు, ఇంకో మూల కింద మట్టి కనపడేంత పలచన. పురుగుమందుల కొట్టుకి పరిగెత్తాను, కార్బెండజిమ్ అనే బూజుమందు పొట్లం చేతిలో పెట్టారు, పిచికారీ చేశాను, నాలుగు రోజుల్లో గొడుగులన్నీ మాయం. మందు బ్రహ్మాండం అని పదిమందికీ చెప్పాను కూడా. తర్వాత తెలిసిందేంటంటే మందు కొట్టినా కొట్టకపోయినా పుట్టగొడుగు కొన్ని రోజుల్లో తనే వాడిపోతుంది. తర్వాతి వానకి రెట్టింపు వచ్చాయి. అప్పుడు ఎవరో చెప్పారని బ్లీచింగ్ పౌడర్ చల్లాను. గొడుగులకి ఏమీ కాలేదు, గడ్డి మాత్రం పళ్ళెం వెడల్పున అక్కడక్కడా మాడిపోయి ఉగాది దాకా పూడలేదు.

కాబట్టి ఒక సంగతి ముందే చెప్పేస్తా. మనకి పైన కనిపించే గొడుగు, మామిడిచెట్టుకి కాయలాంటిది. అసలు శిలీంధ్రం కింద మట్టిలో తెల్లటి దారాల్లా అల్లుకుని ఉంటుంది, కుళ్ళే కర్రనో పేడనో ఆకులనో తింటూ బతుకుతుంది. కాయ కోస్తే చెట్టు చావదు కదా. పైగా అది గడ్డిని తినేది చాలా అరుదు, గడ్డి పలచబడటానికి కారణాలు వేరే ఉంటాయి. కానీ రెండూ ఒకేచోట కనిపిస్తున్నాయంటే చాలాసార్లు వెనక ఉన్న తప్పు ఒకటే, ఆ తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే మన పని.

ముందు ఇది చదవండి: కూర వండొద్దు

నేను గొడుగులు పీకి పారేస్తుంటే పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా చూసి, "ఏంది నాయనా అట్టా పారేస్తుండావు, పుట్టల మీద వచ్చేయి ఇట్టాగే ఉంటాయి, కూర చేస్తే మాంసం దేనికీ పనికిరాదు" అంది. ఆమె చెప్పే పుట్టగొడుగులు నిజంగానే తినేవే, చెదపుట్టల్లోంచి వస్తాయి, కాడ వేరులాగా కిందికంటా పుట్టలోకి దిగి ఉంటుంది. కానీ లాన్‌లో వచ్చే తెల్లగొడుగుల్లో క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే రకం ఒకటి ఉంది, చూడటానికి ఎంతో ముచ్చటగా, అరచేయి కంటే వెడల్పుగా, తెల్లటి టోపీ మీద గోధుమరంగు పొలుసులతో, కాడకి ఉంగరంలాంటి పట్టీతో ఉంటుంది. తింటే కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, పిల్లలకైతే ప్రమాదం. దీన్ని గుర్తుపట్టే పద్ధతి ఒకటుంది: విచ్చుకున్న టోపీని కాడ తీసేసి, కింది రేకులు కిందికి ఉండేలా తెల్లకాగితం మీద పెట్టి, పైన గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. తెల్లారి కాగితం మీద ఆకుపచ్చటి పొడి కనబడితే అదే. ఆకుపచ్చ పొడి రాలేదు కదా అని మాత్రం వండేయొద్దు, విషం ఉన్న రకాలు ఇంకా ఉన్నాయి. వెండి కాసు వేస్తే నల్లబడుతుంది, వెల్లుల్లి వేస్తే రంగు మారుతుంది లాంటి పరీక్షలు ఒక్కటీ నిజం కాదు.

చేతికి తొడుగో ప్లాస్టిక్ కవరో వేసుకుని, టోపీ పూర్తిగా విచ్చుకోకముందే పొద్దున్నే పీకి కవర్లో మూటకట్టి చెత్తబండికి ఇచ్చేయండి. దీనివల్ల సమస్య తీరదు, పిల్లలూ కుక్కా నోట్లో పెట్టుకోకుండా ఉంటారు, అంతవరకే. ఎవరైనా తిన్నారని అనుమానం వస్తే వాంతులయ్యేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి, ఆ పుట్టగొడుగు ముక్క ఒకటి ఆసుపత్రికి వెంట తీసుకెళ్ళండి.

మొదటి పని: పీకేముందు ఫోటో తీయండి

వారం రోజులు, ఫోటో తీశాక గొడుగులు పీకటం తప్ప, ఇంకేమీ చేయకండి. పొద్దున్నే లాన్ మొత్తం కనపడేలా మేడ మీంచి ఒక ఫోటో. నాకు ఈ ఫోటోలే కళ్ళు తెరిపించాయి, ఎందుకంటే కింద నిలబడి చూస్తే అక్కడక్కడా ఉన్నట్టు కనిపించినవి మేడ మీంచి చూస్తే ప్రహరీ గోడ పక్కన గీత గీసినట్టు వరసలో ఉన్నాయి.

వరసలో వచ్చినా, ఒకేచోట గుత్తులుగా వచ్చినా కింద కర్ర ఉంది. పాత చెట్టు వేరు కావచ్చు, కొబ్బరి మొద్దు కావచ్చు, ఇల్లు కట్టినప్పుడు పూడ్చేసిన సెంట్రింగ్ చెక్కలు కావచ్చు. గుండ్రంగా వలయంలా వచ్చి, ఆ వలయం వెంట గడ్డి ముదురుపచ్చగా ఉంటే దాని సంగతి వేరు, కింద చెప్తా. లాన్ అంతా చిన్నచిన్నవి చెల్లాచెదురుగా వచ్చి మధ్యాహ్నానికి కరిగి నల్లసిరాలా అయిపోతుంటే మీరు వేసిన పేడ ఎరువు సరిగా చివకలేదని అర్థం.

రెండో పని: పొడిచి చూడటం, తవ్వటం

పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకోండి. నీళ్ళు పెట్టిన మర్నాడు లాన్‌లో పది చోట్ల పొడవండి. జానెడు లోతుకి అడ్డం లేకుండా దిగితే మట్టి బాగుంది. రెండు అంగుళాలకే ఆగిపోతే మట్టి గట్టిపడింది, ఆ గట్టితనం వల్లే వేరు కిందికి పోలేక గడ్డి పలచబడుతుంది. మెత్తగా దిగి ఏదో తగిలినట్టు టక్ మంటే అక్కడ తవ్వండి.

మా ప్రహరీ పక్కన అడుగు లోతులో బయటపడ్డవి: సెంట్రింగ్ చెక్కలు ఏడెనిమిది, సిమెంటు సంచులు, ఒక చెప్పు. మేస్త్రీ మనుషులు చెత్త మోసే ఓపిక లేక మట్టి కప్పేసి వెళ్ళారు, నేను దాని మీద ఖరీదైన గడ్డి పరిపించాను. ఇల్లు కడుతున్నవాళ్ళు చదువుతుంటే మీకో మాట, లాన్ మట్టి పోయించేరోజు మీరే దగ్గరుండండి.

తవ్వేటప్పుడు గడ్డిని పారతో మూడు అంగుళాల మందాన చాపలా లేపి, తడిగోనె మీద నీడలో పెట్టుకోండి. కర్ర మొత్తం, చుట్టూ తెల్లదారాలు పట్టిన మట్టితో సహా తీసేయండి. మంచి మట్టి నింపి, కాలితో తొక్కి, నీళ్ళు పోసి దిగనిచ్చి, మళ్ళీ నింపి అప్పుడు గడ్డి చాపను పరవండి. దిగనివ్వకుండా పరిస్తే నెలలో గుంత పడి, నీళ్ళు నిలిచి, కథ మొదటికొస్తుంది. పెద్ద చెట్టు మొద్దయి తీయలేకపోతే వదిలేయండి, అది పూర్తిగా చివికేదాకా కొన్నేళ్ళపాటు వానలకి గొడుగులు వస్తూనే ఉంటాయి, పీకుతూ ఉండటమే.

ఊక గురించి ఒక మాట. మన వైపు రైస్‌మిల్లులకి కొదవలేదు, ఊక ఊరికే దొరుకుతుంది, మట్టి గుల్లబారుతుందని ఎర్రమట్టిలో తట్టలకొద్దీ కలిపేస్తుంటాం. నేనూ కలిపాను. పచ్చి ఊక గానీ రంపపు పొట్టు గానీ మట్టిలో కలిస్తే దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనినంతా ముందు తాము లాగేసుకుంటాయి. గడ్డికి మిగిలేది ఉండదు. పైన పసుపుపచ్చగా పలచబడ్డ గడ్డి, మధ్యమధ్యలో బలిసిన పుట్టగొడుగులు, రెండు జబ్బులూ ఒకే తప్పుతో. ఇలాంటిచోట తవ్వక్కర్లేదు, గడ్డికి యూరియా కాస్త ఎక్కువసార్లు అందిస్తే ఊక చివికేకొద్దీ తేరుకుంటుంది.

మూడో పని: నీళ్ళు

నిజానికి దీన్నే మొదటి పనిగా రాయాల్సింది. పదిమంది లాన్లు చూస్తే ఆరేడు చోట్ల రోగం ఇదే: సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, పైపు పట్టుకుని, పది నిమిషాలు పైపైన తడపటం, రోజూ. మనకది హాయి, గడ్డికి కాదు. పై అంగుళం మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేరు కూడా పై అంగుళంలోనే ఉండిపోతుంది, మే నెలలో పడమటి గాలి నాలుగు రోజులు కొడితే మాడిపోతుంది. సాయంత్రం తడిపితే ఆకు రాత్రంతా తడిగా ఉంటుంది, శిలీంధ్రాలకి అంతకంటే ఏం కావాలి.

లెక్క ఇది. లాన్‌కి వారానికి మామూలుగా 25 మిల్లీమీటర్ల నీళ్ళు చాలు, మండు వేసవిలో 30 నుంచి 35. నెల్లూరు లెక్కలో ఆరు అంకణాలు ఒక సెంటు కదా, ఒక సెంటు అంటే దాదాపు 40 చదరపు మీటర్లు, దానికి 25 మిల్లీమీటర్లు అంటే వెయ్యి లీటర్లు. మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటి వారంలో ఒక సెంటుకి. దాన్ని రెండు విడతలుగా, వేసవిలో మూడు విడతలుగా, పొద్దున ఎండ ముదరకముందే పెట్టండి. స్ప్రింక్లర్ ఉంటే ఖాళీ పెరుగు కప్పులు ఒకే సైజువి ఆరేడు లాన్ మీద అక్కడక్కడా పెట్టి అరగంట తిప్పి స్కేలుతో కొలవండి. మా దాంట్లో ఒక కప్పులో 12 మిల్లీమీటర్లు, చివరి కప్పులో 3. పలచన ఎక్కడుందో చెప్పక్కర్లేదనుకుంటా.

ఇంకోటి. యూట్యూబ్‌లో లాన్ పాఠాలు చెప్పేవాళ్ళు వానాకాలం అంటే జూన్ అనుకుని చెప్తారు. మనకి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో. జూన్‌లో మన దగ్గర ఇంకా నిప్పులే. కాబట్టి వాళ్ళ క్యాలెండర్ మనకి పనికిరాదు. అక్టోబర్లో వానలు అందుకోగానే పైపు చుట్టి అటక మీద పడేయండి, వారం పదిరోజులు వాన లేకపోతే తప్ప దించొద్దు. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో లాన్‌లన్నీ రోజులతరబడి నీళ్ళలో నానాయి. అలాంటప్పుడు చేయగలిగింది ఒకటే, గేటు వైపు చిన్న కాలువ తీసి నీళ్ళు పోనివ్వటం. తడిమట్టి మీద తిరగొద్దు, ముఖ్యంగా బండి ఎక్కించొద్దు, ఒక్కసారి ఎక్కించినా ఆ చక్రాల గాడిలో ఏడాదంతా గడ్డి రాదు.

సముద్రం పక్కన, మైపాడు వైపో కొత్తపట్నం వైపో ఉన్నవాళ్ళకి బోరునీళ్ళే ఉప్పు. మట్టి ఆరాక పైన తెల్లగా పొరకడితే, ఆకుల కొనలు మాడుతుంటే అనుమానించండి. కొంచెం కొంచెం పెడితే ఉప్పు పైనే పేరుకుంటుంది, పెట్టినప్పుడు నిండుగా పెట్టి కిందికి దిగిపోయేలా చేయాలి. అప్పటికీ కుదరకపోతే మన దేశవాళీ గరికే శరణ్యం, ఉప్పుని బాగా తట్టుకుంటుంది. వినాయకుడికి పెట్టే గరికే, సన్నగా కత్తిరిస్తే మంచి లాన్ అవుతుంది, దానికేం నామోషీ అక్కర్లేదు.

వలయంలా వస్తే

గుండ్రటి వలయం వెంట శిలీంధ్రం మట్టిలోని చివికే పదార్థాన్ని విరగ్గొట్టి నత్రజని విడుదల చేస్తుంది, అందుకే ఆ పట్టీలో గడ్డి ముదురుపచ్చగా ఉంటుంది. కొన్నిసార్లు దారాలు దట్టంగా అల్లుకుని మట్టి నీళ్ళని పీల్చుకోవటం మానేస్తుంది, పోసిన నీళ్ళు ముత్యాల్లా జారిపోతాయి, అక్కడ గడ్డి ఎండుతుంది. పుట్టగొడుగు గడ్డికి నిజంగా చేటు చేసేది ఇక్కడే. గడ్డపారతో వలయం మీద, దానికి అటూ ఇటూ రెండడుగుల వెడల్పున అర అడుగుకొకటి చొప్పున జానెడు లోతు బెజ్జాలు వేయండి. బక్కెట్ నీళ్ళలో చెంచాడు గిన్నెలు కడిగే సబ్బు ద్రావణం కలిపి బెజ్జాల మీద పోసి, వెంటనే మంచినీళ్ళతో బాగా నానబెట్టండి. వారానికోసారి, నెలరోజులు. ఎండకుండా రంగు తేడా మాత్రమే ఉంటే ఈ తంటా కూడా వద్దు, మిగతా లాన్‌కి కాస్త యూరియా వేస్తే రంగు కలిసిపోతుంది.

నాలుగో పని: గడ్డి చిక్కబరచటం

ముందు ఎండ లెక్కపెట్టండి. ఆదివారం పొద్దున్నుంచి గంటకోసారి పలచన ఉన్నచోటు చూసి నేరుగా ఎండ పడే గంటలు రాసుకోండి. గరికకి ఆరు గంటలు తప్పనిసరి. మెక్సికన్ గడ్డి నాలుగైదు గంటలతో సర్దుకుంటుంది. మూడు గంటలు కూడా లేకపోతే ఎరువులూ నీళ్ళూ ఎన్ని పెట్టినా దండగే. వేపచెట్టు కింది కొమ్మలు రెండు మూడు కొట్టిస్తే గంట గంటన్నర ఎండ కలిసొస్తుంది. మా వేపచెట్టు మొదట్లో మూడుసార్లు గడ్డి వేయించి, మూడుసార్లూ డబ్బులు పోగొట్టుకుని, ఆఖరికి కడప రాళ్ళు నాలుగు పరిచి మంచం వేసుకున్నాను.

ఎండ బాగానే ఉంటే మట్టి గుల్లచేయాలి. సమయం ఫిబ్రవరి, లేదా ఆగస్టు. గట్టిపడ్డచోట నాలుగు పళ్ళ ఫోర్కు నాలుగు అంగుళాలు దించి అటూ ఇటూ ఆడించి తీయాలి, అరడుగుకొకసారి. రెండు సెంట్లకి ఇద్దరు కూలీలకి ఒక పూట పని. తర్వాత పైన అర సెంటీమీటరు మందాన జల్లించిన ఇసుక, బాగా చివికిన ఎరువు సమపాళ్ళలో కలిపి చల్లి, కొబ్బరి చీపురుతో ఊడ్చి బెజ్జాల్లోకి దింపాలి. సెంటుకి ఏడు ఘనపుటడుగులు పడుతుంది, సిమెంటు సంచితో ఆరు. ఇసుక ఏటి ఇసుకే, పెన్నదో పాలేరుదో, సముద్రపు ఇసుక ససేమిరా వద్దు. ఒంగోలు వైపు నల్లరేగడి ఉన్నవాళ్ళు ఇసుక తగ్గించి ఎరువు పెంచండి, రేగడిలో కొంచెం ఇసుక కలిపితే గుల్లబారటం మాట అటుంచి ఇంకా గట్టిపడే ప్రమాదం ఉంది. ఎరువు చివికిందీ లేనిదీ పిడికిట్లో తీసుకుని వాసన చూస్తే తెలుస్తుంది, పేడ వాసన వస్తే ఇంకో మూడునెలలు దిబ్బలో ఉంచండి. పచ్చి ఎరువుతో పుట్టగొడుగులే కాదు, కలుపు విత్తనాలు కూడా బోలెడు వస్తాయి.

యూరియా సెంటుకి 200 గ్రాములు, అంతకుమించొద్దు. ఐదింతలు పొడి ఇసుకలో కలిపి, ఆకు ఆరినప్పుడు చల్లి, వెంటనే నీళ్ళు పెట్టాలి. నెలకోసారి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, మళ్ళీ ఆగస్టు, సెప్టెంబర్. మిగతావి మట్టి పరీక్ష చూసి వేయండి. ఐదారు చోట్ల జానెడు గుంత తీసి, అంచు నుంచి మట్టి గీకి, కలిపి, నీడలో ఆరబెట్టి అర కిలో తీసుకెళ్ళాలి. ఎక్కడ చేస్తారో నెల్లూరులోనో దర్శిలోనో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే చెప్తారు. లాన్ కోసమా అని నవ్వుతారు, పర్లేదు.

ఖాళీలు పూడ్చటానికి కొత్తగా కొనక్కర్లేదు. బాగున్నచోట అంచుల నుంచి పిలకలు తీసి మూడు నాలుగు అంగుళాల దూరంలో నాటండి, రెండు కణుపులు మట్టిలో, కొన బయట. మూడు వారాలు మాత్రం రోజూ తడపాలి, పైన చెప్పిన నీళ్ళ నియమం దీనికి వర్తించదు. కొనాల్సివస్తే నర్సరీలో కడియం నుంచి లారీ ఎప్పుడొచ్చిందో అడగండి, చుట్టలుగా రెండు మూడు రోజులు ఎండలో పడి ఉన్న గడ్డి సగం చచ్చే ఉంటుంది. అడుగున తుంగ గడ్డలు ఉన్నాయేమో విప్పి చూసుకోండి, తుంగ ఒక్కసారి దిగితే దాన్ని వదిలించుకోవటం మన వల్ల కాదు.

కోత విషయంలో అందరం చేసే తప్పు నున్నగా గొరిగేయటం. ఒకసారికి పొడవులో మూడోవంతు కంటే ఎక్కువ తీయకూడదు. ఎండ ఉన్నచోట ఒకటిన్నర అంగుళం, నీడపట్టున రెండు అంగుళాలు ఉంచండి. బ్లేడు మొద్దుబారితే ఆకు చిరిగి కొనలు తెల్లబడతాయి.

చివరగా పురుగు. నీళ్ళూ ఎండా అన్నీ సరిగా ఉండి కూడా ఒకచోట గడ్డి చాపలా చేతికి ఊడొస్తోందంటే కింద తెల్లగా, వంకర తిరిగిన వేరుపురుగు ఉంటుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పున లేపి లెక్కపెట్టండి. ఒకటీ రెండూ ఉంటే కాకులకి, గోరువంకలకి వదిలేయండి. ఐదారు దాటితేనే మందు గురించి ఆలోచించండి, అదీ ఒక పురుగుని సీసాలో వేసుకుని వెళ్ళి చూపించాకే.

ఫిబ్రవరిలో మొదలుపెడితే ఏప్రిల్ చివరికి తేడా కనిపిస్తుంది, వేసవి గట్టెక్కితే ఆగస్టులో మిగిలిన ఖాళీలు పూడ్చుకోవచ్చు. మా ప్రహరీ పక్కన చెక్కలు తీసేశాక వరస ఆగిపోయింది. పాత కొబ్బరి మొద్దు దగ్గర మాత్రం కార్తీకంలో ఇప్పటికీ నాలుగైదు లేస్తాయి, పొద్దున పేపరు తీసుకోవటానికి వెళ్ళినప్పుడు పీకేసి వస్తున్నా. పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా ఇంకా అలాగే చూస్తోంది.